తెలుగు ఒక్కటే కుదరలేదట

పోయిన జూన్‌లో సెలవు పెట్టి పర్లాకిమిడి వెళ్ళాను. ఒకరోజు పొద్దున్నే మా వీధికి దగ్గర్లో ఉన్న ఒక స్కూలు హెడ్మాస్టారు నాన్న కోసం వచ్చారు. ఆయన ఒడియా ఆయనే, కానీ మా ఊళ్ళో చాలామందిలాగే తెలుగు కూడా ఇంటి భాషలా మాట్లాడతారు. చేతిలో ఒక ప్రింటవుట్ ఉంది. కొత్తగా టైంటేబుల్ వేసే ప్యాకేజీ ఒకటి కొన్నారు. రాత్రంతా నడిపితే ఆరు నుంచి పది దాకా అయిదు తరగతుల టైంటేబుల్ వచ్చింది. అడుగున మాత్రం ఎర్ర అక్షరాల్లో ఒక లైను: తెలుగు, ఒక పీరియడ్, అమర్చడం కుదరలేదు.

"అన్నీ కుదిరాయి మాస్టారూ, తెలుగు ఒక్కటే కుదరడం లేదు. ఈ ఏడాదికి తెలుగు ఆపేద్దామా అంటున్నారు కమిటీవాళ్ళు" అన్నారాయన. మనిషి మంచివాడు. చెప్పేటప్పుడు ఇబ్బంది పడుతూనే చెప్పారు.

నాన్న కాగితం చూడకుండానే అడిగారు: "తెలుగుని ఎన్నో వరసలో వేసింది?"

"చివర్లో వేసినట్టుంది."

"మరి చివర వేస్తే చివరిదే కదా కుదరనిది" అన్నారు నాన్న.

నేను పదిహేనేళ్ళుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీ షిఫ్టులు, లారీల రూట్లు, నర్సుల డ్యూటీలు. ఈ రంగాన్ని కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ అంటారు. నియమాలన్నీ రాసి ఇస్తాం, వాటన్నిటికీ లోబడే అమరికని సాల్వర్ అనే ప్రోగ్రాం వెతుకుతుంది. నాన్న అన్న ఆ ఒక్క మాటలో మా రంగంలో యాభై ఏళ్ళుగా నలిగిన సమస్య ఉంది. వెతుకులాట ఎక్కడ తెగిపోయిందో తప్పు అక్కడే జరిగిందని అనుకోవడం ఎంత సహజమో అంత ప్రమాదం. ఆ ప్రమాదం సాఫ్ట్‌వేర్ లోపలే ఆగిపోదు, ఒక తరగతిలోని పిల్లల తెలుగు పాఠం దాకా వస్తుంది. అందుకే రాస్తున్నాను.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. ఇప్పుడు గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ నది పక్కన ఊరు, కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మనం ఈరోజు పుస్తకాల్లో మాట్లాడే తెలుగు రాయగలుగుతున్నామంటే అందులో ఈ ఊరి బడి వాటా ఉంది. అలాంటి చోట తెలుగు ఇప్పుడు వారానికి రెండు పీరియడ్ల భాష. ఆ రెండూ అమర్చడానికి కుదరకపోతే పోయేది చిన్న విషయం కాదు నాకు.

నాన్న ఇరవై రెండేళ్ళు వేరే స్కూల్లో టైంటేబుల్ వేశారు. వేసవి సెలవులు ముగిసే ముందు మా వసారాలో చాప మీద పెద్ద చార్టు పరిచి, పెన్సిలు, స్కేలు, రబ్బరుతో కూర్చునేవారు. నాకు అప్పగించిన పని రబ్బరు పొట్టు ఊదడం. ఆయన మొదలుపెట్టేది లెక్కలతో కాదు, ఇంగ్లీషుతో కాదు. తెలుగు మాస్టారితో. ఎందుకంటే ఆయన కాశీనగర్ వైపు నుంచి చిన్న రైల్లో వచ్చేవారు, వారానికి రెండు రోజులే. 2004లో గేజి మార్పిడికి ఆపేసేదాకా నౌపడా–గుణుపురం లైను మీద ఆ చిన్న రైలు నడిచేది. ఆ రైలు ఎప్పుడొస్తే తెలుగు అప్పుడు. "లెక్కల మాస్టారికి వారమంతా చోటుందమ్మా, ఎక్కడైనా సర్దుకుంటాడు. ఈయనకి ఉన్నవే నాలుగు గళ్ళు. ముందు ఆయన్ని కూర్చోబెట్టాలి" అనేవారు నాన్న. పెళ్ళిభోజనాల్లో బస్సు అందుకోవాల్సినవాళ్ళని తొలి బంతిలో కూర్చోబెట్టినట్టే ఇది.

ఎన్నో ఏళ్ళ తర్వాత చదువుకుంటున్నప్పుడు హారలిక్, ఇలియట్ అనే ఇద్దరు 1980లో రాసిన పేపరు చేతికొచ్చింది. నెగ్గాలంటే, ఎక్కడ ఓడిపోయే అవకాశం ఎక్కువో అక్కడే ముందు ప్రయత్నించు అన్నది దాని సారం. ఫెయిల్ ఫస్ట్ అంటారు. వినడానికి తిరకాసులా ఉంటుంది కానీ లెక్క చాలా సూటి. ఏ వేరియబుల్‌కి మిగిలిన విలువలు తక్కువో (మన లెక్కలో, ఏ పీరియడ్‌కి మిగిలిన చోట్లు తక్కువో) దాన్ని ముందు తీసుకుంటే, వెతుకులాట అనే చెట్టుకి కొమ్మలు తక్కువగా చీలతాయి. కుదరనిదైతే ఆ సంగతి పైకొమ్మ దగ్గరే తెలిసిపోతుంది, కింద వేల ఆకులు తడమక్కర్లేదు. పేపర్లో వచ్చే సుడోకు చేసేవాళ్ళు ఇది ఎవరూ చెప్పకుండానే చేస్తారు: ఒకే అంకె పట్టే గడి ఎక్కడుందా అని చూస్తారు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, దాన్ని చాలామంది కలిపేస్తారు. ఎవరిని ముందు పిలవాలి అన్నది ఒక ప్రశ్న. పిలిచినవాడికి ఏ చోటు ఇవ్వాలి అన్నది ఇంకో ప్రశ్న. మొదటి దానికి జవాబు, అందరికంటే ఇరుకులో ఉన్నవాణ్ణి. రెండో దానికి జవాబు దానికి ఎదురు: మిగిలినవాళ్ళకి ఎక్కువ చోటు మిగిల్చే విలువని ఇవ్వాలి. అందరినీ ఎప్పటికైనా అమర్చక తప్పదు కాబట్టి కష్టమైనవాణ్ణి ముందు తీసుకుంటాం. విలువల్లో మాత్రం ఒకటి దొరికితే చాలు కాబట్టి తేలికైనదాన్ని ముందు చూస్తాం. నాన్న తెలుగు మాస్టారిని ముందు పిలిచేవారు, కానీ పదో తరగతివాళ్ళకి బాగా గిరాకీ ఉన్న పీరియడ్ ఆయనకి ఇచ్చేవారు కాదు.

ఇప్పుడు వెనక్కి నడవడం సంగతి. బ్యాక్‌ట్రాక్ అనే మాటని ఈ అర్థంలో 1950ల్లో లెహ్మర్ అనే గణితవేత్త వాడారు. పద్ధతి మామూలుదే: ఒక్కో గడి నింపుకుంటూ వెళ్ళు, దారి మూసుకుపోతే చివర నింపిన గడి చెరిపి ఇంకో విలువ పెట్టు, అదీ అవకపోతే దాని ముందుదాన్ని చెరుపు. ఎనిమిది మంత్రుల లెక్క చాలామందికి తెలిసే ఉంటుంది. చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి కొట్టకుండా ఎనిమిది మంత్రుల్ని పెట్టాలి. 64 గళ్ళలో ఎక్కడైనా పెట్టొచ్చంటే 442 కోట్ల పైచిలుకు అమరికలు. వరసకి ఒకటే అనుకుంటే 1,67,77,216. నిలువు వరసకీ ఒకటే అనుకుంటే 40,320. జవాబులు 92. అడుగు వెయ్యకముందే, ప్రశ్న రాసిన తీరులోనే, కోట్లు కరిగిపోయాయి చూడండి. మాలో అనుభవం ఉన్నవాళ్ళు సాల్వర్ని తిట్టే ముందు తాము రాసిన మోడల్ని చూసుకునేది అందుకే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, మంచి సాల్వర్ చేసేది ఆ పనే. ఒక గడి నింపగానే, దానివల్ల ఇంకెవరెవరికి ఏ చోట్లు పోయాయో అప్పటికప్పుడే కొట్టేస్తుంది. ఎవరి జాబితా అయినా ఖాళీ అయితే అక్కడే ఆగుతుంది. 1977లో మాక్‌వర్త్ రాసిన ఏసీ-3 అనే పద్ధతి ఇప్పటికీ పాఠాల్లో మొదట చెప్పేది. కొట్టేసినవాటిని వెనక్కి వెళ్ళేటప్పుడు మళ్ళీ రాయాలి కాబట్టి, ఏం మార్చామో వరసగా రాసి పెట్టుకోవాలి. దాన్ని ట్రెయిల్ అంటారు, ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష కాలం నుంచీ ఉంది. జికోడ్ లాంటి సాల్వర్లు అలా కాకుండా మొత్తం స్థితినే కాపీ తీసి పెట్టుకుంటాయి. రెండిట్లో ఏది మేలన్నది పెద్ద చర్చ, ఇక్కడ అవసరం లేదు.

నాన్న చార్టులో ప్రతి గడి మూలా చీమంత అంకె ఉండేది. 1, 2, 3... ఏది ఏ వరసలో నింపారో ఆ అంకె చెప్పేది. కొన్నింటి పక్కన ఇంకో అంకె కూడా ఉండేది, దానికి చిన్న బాణం. చిన్నప్పుడు అవేంటో నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక అడిగితే చెప్పారు: ఈ గడి ఇక్కడికి రావడానికి కారణం ఆ గడి అని. 34వ గడి దగ్గర దారి మూసుకుపోతే ఆయన 33ని చెరిపేవారు కాదు. బాణాలు పట్టుకుని వెళ్తే 12 దగ్గరకు వచ్చేవారు. 12నే చెరిపేవారు.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న మాటకి మా రంగంలో బ్యాక్‌జంపింగ్ అని పేరు. గాష్నిగ్ 1970ల చివర్లో ఒక రూపం ఇచ్చారు. స్టాల్‌మన్, సస్‌మన్ 1977లో కారణాలు రాసుకుంటూ వెనక్కి దూకడం గురించి రాశారు. 1993లో ప్రాసర్ దాన్ని ఇంకా పదునుపెట్టారు. ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. 12వ గడిలో తప్పు జరిగింది, 23వ గడి దగ్గర బయటపడింది అనుకోండి. మధ్యలో ఉన్న పది గళ్ళకీ, అంటే డ్రాయింగు, లైబ్రరీ, ఆటలు, వీటికీ ఆ తప్పుకీ ఏ సంబంధమూ లేదు. ఒక్కోదానికి మూడు చోట్లు ఉన్నాయి. వరసగా వెనక్కి నడిచే పద్ధతి ఈ పదింటి అమరికలన్నీ మార్చి మార్చి చూస్తుంది: మూడుని పదిసార్లు గుణిస్తే 59,049. అన్నిసార్లూ అదే గోడకి అదే తల. అప్పుడు గానీ 12 దగ్గరకు రాదు. గళ్ళు పది కాక నలభై అయితే రాత్రంతా ఏమిటి, మన జీవితమంతా నడిపినా రాదు.

హెడ్మాస్టారి ప్యాకేజీ ఆ రాత్రంతా చేసింది ఇదేనని నా నమ్మకం. అయిదు తరగతులు, ఆరు రోజులు, రోజుకి ఏడు పీరియడ్లు, మొత్తం 210 గళ్ళు. పార్ట్‌టైం టీచర్లని అది చివరికి ఉంచుకుంది. 209 నింపింది. ఒక్కటి మిగిలింది. ఇక తెల్లవార్లూ లైబ్రరీనీ డ్రాయింగునీ అటూ ఇటూ జరిపింది. తెల్లారాక ఆ మిగిలినదాని పేరు ఎర్ర అక్షరాల్లో రాసింది.

ఆ రోజు మధ్యాహ్నం నియమాలన్నీ తెప్పించుకుని నేను మళ్ళీ రాశాను. తెలుగు టీచరు పాతపట్నం నుంచి వస్తారు. మిగతా రోజులు అక్కడ వేరే బడిలో పని, కాబట్టి మంగళ, శుక్రవారాలే, అదీ మూడో పీరియడ్ నుంచి. అంటే రోజుకి అయిదు, రెండు రోజులకి పది చోట్లు. అయిదు తరగతులకి రెండేసి చొప్పున కావలసినవి పది పీరియడ్లు. వేలు పెట్టే సందు లేదు. పోల్చి చూడండి: లెక్కల సారుకి 42 చోట్లు, కావలసినవి 30. ఇంకో నియమం, తెలుగు తీసుకున్నవాళ్ళు తెలుగుకి వెళ్ళినప్పుడే మిగతా పిల్లలు సంస్కృతానికి వెళ్ళాలి. కాబట్టి ఆ పది చోట్లలోనూ సంస్కృతం పంతులు గారు ఖాళీగా ఉండాలి. ప్యాకేజీలో మరో స్క్రీన్ మీద, ఎవరూ ఈ రెండిటినీ కలిపి చూడని చోట, ఇంకో చిన్న నియమం ఉంది: శుక్రవారం చివరి పీరియడ్ స్కౌట్స్, బాధ్యత సంస్కృతం పంతులు గారిది.

పది పీరియడ్లు, తొమ్మిది చోట్లు. అంతే.

కాగితం మీద ఇలా పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. కానీ ఒక్కో గడీ నింపుకుంటూ పోయే వెతుకులాటకి ఇది కనబడదు. మొదటి తొమ్మిదింటిని తొమ్మిది చోట్ల ఎన్ని రకాలుగా పెట్టొచ్చో అన్ని రకాలుగానూ పెడుతుంది, అంటే 3,62,880 రకాలు, ప్రతిసారీ పదోదాని దగ్గర ఆగుతుంది. చుట్టూ ఉన్న 200 గళ్ళ సంగతి ఇంకా కలపలేదు. పదింటికీ వేరువేరు చోట్లు కావాలి అన్నదాన్ని విడివిడి జంటల నియమాలుగా కాక ఒకే నియమంగా రాస్తే, ఎవరికి ఏ చోటు జత కుదురుతుందో సాల్వర్ ఒకేసారి లెక్కగట్టి వెంటనే చెప్పగలదు. ఈ పద్ధతి 1994లో రెజాన్ ఇచ్చారు. కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే. గుంపుని గుంపుగా చూస్తే కనబడే నిజం, ఒక్కొక్కరినీ విడిగా చూస్తే కనబడదు.

ఇక్కడ నా తోటి ఇంజనీర్లు ఒక మాట అంటారు. ఇవన్నీ పాత కథలు, ఇప్పటి సాల్వర్లు ఓటమి నుంచి నేర్చుకుంటాయి, వరస గురించి మనం బెంగపడక్కర్లేదు అని. అందులో నిజం ఉంది, కాదనను. 1996లో గ్రాస్ప్, 2001లో చాఫ్ అనే సాల్వర్లు వచ్చాక దారి మూసుకుపోయిన ప్రతిసారీ కారణాన్ని ఒక కొత్త నియమంగా రాసుకోవడం అలవాటైంది. కన్‌స్ట్రెయింట్ సాల్వర్లలోకి కూడా అది వచ్చింది. గూగుల్‌వాళ్ళ సీపీ-శాట్ ఉచితంగా దొరుకుతుంది, నేను వాడింది అదే. 2004లో వచ్చిన ఇంకో పద్ధతిలో, ఏ నియమం ఎక్కువసార్లు అడ్డం తిరిగిందో దానికి బరువు పెంచుకుంటూ పోతారు, బరువైన నియమాల్లో ఇరుక్కున్నవాళ్ళని ముందు పిలుస్తారు. నాన్న కూడా కొన్ని రాత్రులు చార్టు మొత్తం చెరిపేసి, "ఈసారి సంస్కృతాన్ని ముందు పెడదాం" అని మళ్ళీ మొదలుపెట్టేవారు. మొత్తం వదిలేసి మొదటికి రావడం ఓటమి కాదని 1990ల చివర్లో గోమెజ్, సెల్మన్ వాళ్ళు లెక్కతో చూపించారు. మొదట్లో పడిన ఒకటి రెండు చెడ్డ ఎంపికల వల్ల వెతుకులాట ఎంతకీ తెగని లోయలోకి దిగిపోతుంది. తోచిన వరసలో కొంచెం మార్పు చేసి మళ్ళీ మొదలుపెడితే చాలాసార్లు చిటికెలో తేలిపోతుంది.

కానీ నేర్చుకునే సాల్వర్ ఉంది కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు. పది పావురాలు, తొమ్మిది గూళ్ళు అన్న లెక్కనే తీసుకోండి. జంటల నియమాలుగా రాసినప్పుడు, ఈ నేర్చుకునే పద్ధతికి ఆధారమైన తర్కంతో దీన్ని కుదరదని నిరూపించాలంటే, గూళ్ళు పెరిగేకొద్దీ నిరూపణ పొడవు భయంకరంగా పెరుగుతుందని 1985లో ఆర్మిన్ హాకెన్ నిరూపించారు. అంటే ఎన్ని పాఠాలు నేర్చుకున్నా కొన్ని నిజాలు ఆ భాషలో క్లుప్తంగా చెప్పలేం. వాటిని మోడల్ రాసే మనిషే చూసి రాయాలి.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. సాల్వర్ ఎంత తెలివైనదైనా, ఏది తప్పనిసరి, ఏది వీలైతే చాలు అన్నది మనం చెబుతాం. ఆ ప్యాకేజీలో తెలుగుకి పార్ట్‌టైం అన్న గుర్తు పెట్టారు. ఆ గుర్తుతోనే అది వరసలో చివరికి వెళ్ళింది. ఎవరూ తెలుగు మీద కోపంతో చెయ్యలేదు. ఫారంలో ఒక టిక్కు, అంతే. కానీ చివరి బంతికి ఏం మిగులుతుందో తెలిసిందే. పీరియడ్లు తక్కువ ఉన్న సబ్జెక్టు, సగం రోజులే వచ్చే టీచరు, ఒక్క బస్సే ఉన్న ఊరి పిల్లలు, వీళ్ళందరూ ఇరుకులో ఉన్నవాళ్ళు. తేలికని బట్టి వరస వేస్తే వీళ్ళు ఎప్పుడూ చివరే. చివర ఉన్నందువల్ల కుదరరు. కుదరనందువల్ల వాళ్ళే సమస్య అనిపిస్తారు. పని తేలిక చేసే వరస కూడా వీళ్ళని ముందు పెట్టమనే చెబుతోంది, న్యాయం సంగతి తర్వాత.

కాబట్టి ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళని నేను అడిగేది ఒకటే. కుదరలేదు అని చెప్పి ఆఖరున మిగిలినవాడి పేరు రాయకండి. ఏ నియమాలు కలిసి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయో ఆ గుంపుని చూపించండి. ఇది అసాధ్యమేమీ కాదు. నేను ఆ రోజు చేసింది అదే. ప్రతి నియమానికీ ఒక మీట పెట్టి, అన్నీ వేసి ఉంచి అడిగితే, పొసగని వాటి గుంపు ఒకటి సాల్వర్ ఇచ్చింది. అందులో పదకొండు ఉన్నాయి. ఒక్కోదాన్నీ తీసి చూశాను. తీసినా కుదరకపోతే దానితో పని లేదు, పక్కన పెట్టేశాను. తీస్తే కుదిరితే ఉంచాను. చివరికి నాలుగు మిగిలాయి: తరగతికి రెండు తెలుగు పీరియడ్లు, తెలుగు టీచరు వచ్చే రోజులూ వేళలూ, తెలుగు సంస్కృతం ఒకేసారి జరగాలన్నది, శుక్రవారం చివర స్కౌట్స్.

ఇలా వడకట్టిన గుంపుకి ఒక లక్షణం ఉంది. అందులో ఏ ఒక్కటి సడలించినా మిగతా మూడూ కలిసి కుదురుతాయి. నాలుగింటికీ సమానమైన వాటా. తెలుగు తియ్యాలని గణితం ఎక్కడా చెప్పలేదు. నాలుగింటిలో ఏది కదల్చాలన్నది మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. ఎర్ర లైను ఆ మాటని వాళ్ళ చేతిలోంచి లాగేసుకుంది, అదే నా అభ్యంతరం.

సాయంత్రం హెడ్మాస్టారు మళ్ళీ వచ్చారు. నాలుగూ ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి చేతికిచ్చాను. చదివి, నాలుగో లైను మీద వేలు పెట్టి, "ఇదా? ఇది మేమే పెట్టుకున్నది కదా" అన్నారు. సంస్కృతం పంతులు గారికి అక్కడి నుంచే ఫోన్ చేశారు. ఒడియాలో రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. నాన్న ఆలోగా ప్రింటవుట్ తిప్పి, వెనకవైపు మంగళ, శుక్ర వారాల పది గళ్ళూ గీసి, పెన్సిలుతో మొదటి గడి మూల 1 అని వేశారు.

శుక్రవారం ఏడో పీరియడ్ ఇప్పుడు ఆరో తరగతి తెలుగుది. స్కౌట్స్ గురువారం సాయంత్రం.